చేపలకు అమ్మవారు పోసిన చలికాలం

మా అమ్మాయి ముచ్చటపడి ఈమధ్య ఇంట్లో చేపల తొట్టి పెట్టింది. ఉప్పల్‌లో మేముండే ఫ్లాటులో, మెట్రో రైళ్లు కనబడే కిటికీ పక్కన బల్ల వేసి దానిమీద పెట్టింది. పట్టుమని నెల కాలేదు, ఒక పొద్దున "అమ్మా, చేపల మీద ఉప్పు చల్లినట్టుంది, వచ్చి చూడు" అని కేకేసింది. నేను వెళ్లేలోపే ఫోనులో వెతికి అదేం జబ్బో, దానికేం మందో చదివేసింది. సాయంత్రానికి మందు సీసా గుమ్మం ముందుకు వచ్చింది. చుక్కలు చూసుకుంటూ నీళ్లలో వేసింది. నీలం రంగు దారాలు దారాలుగా విడిపోయి తొట్టంతా కమ్ముకుంది. ఆ వాసన తగిలేసరికి నేనక్కడ నిలబడలేకపోయాను. ఆరేసిన బట్టలు తీసే వంకతో బాల్కనీలోకి వెళ్లిపోయాను.

దాని చేపలు చక్కగా కోలుకున్నాయి. పిల్ల ఎవరినీ ఏమీ అనలేదు, తనను తాను తిట్టుకోలేదు, నింపాదిగా వైద్యం చేసుకుంది. చేపల జబ్బు చేపలతోనే పోయింది. నా చిన్నప్పుడు మా ఇంట్లో అలా జరగలేదు.

అప్పుడు మేము నాచారం పాత ఊళ్లో ఉండేవాళ్లం. ముందు నాన్న కట్టించిన రెండు సిమెంటు గదులు, వెనక తాత కాలం నాటి పెంకుటిల్లు, మధ్యలో వాకిలి, వాకిట్లో నల్లా. పెంకుటింట్లో నాయనమ్మ ఉండేది. ఊరి పొలాలు చాలావరకు ఎప్పుడో ఫ్యాక్టరీల కిందికి పోయాయి. మా పొలం పోయిన కొన్నేళ్లకే తాత కూడా పోయాడు. నాన్న మల్లాపూర్ వైపు ఒక షెడ్డులో లేతు మిషను మీద పనిచేసేవాడు. "మన మక్కసేను ఉన్నకాడనే నీ నాయిన ఇనుము చెక్కుతుండు" అనేది నాయనమ్మ, నవ్వుతూనే.

పొద్దున్నే మా వాడలోకి బ్రెడ్డు బట్టీ వాసన వచ్చేది. జడలు వేయించుకుంటూ ఆ వాసన పీలిస్తే, అప్పుడే తిన్న చద్దన్నం కూడా అరిగిపోయేది. మధ్యాహ్నం గాలి తిరిగిందంటే ఇంకోవైపు నుంచి ఫ్యాక్టరీల ఘాటు వచ్చేది. గొంతు గరగరలాడేది. అమ్మ గబగబా కిటికీలు మూసేది. నాయనమ్మ గదిలో మాత్రం ఏ గాలీ దూరేది కాదు. అక్కడెప్పుడూ వెల్లుల్లికారం వాసన, కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె వాసన. నేను ముందింట్లో అన్నం తిని, ఎవరూ చూడకుండా వెనకింట్లోకి పోయి రొట్టె, పచ్చిపులుసు తినేదాన్ని. "దీనిది కడుపా, బాయా?" అనేది నాయనమ్మ, ఇంకో రొట్టె కొడుతూ.

ఆ చలికాలం నాన్నకు చేపల మీద మనసు పడింది. షెడ్డులో ఎవరో అద్దాలు అతికించే పని నేర్చుకున్నారట. నాన్నా ఆయనా కలిసి ఆదివారం పూట మా వాకిట్లో అద్దాలు కోసి, జిగురు పెట్టి, తొట్టి తయారుచేశారు. ఆ జిగురుది పులిసిన వాసన, ఇల్లంతా పట్టుకుంది. స్టాండు నాన్నే వెల్డింగు చేశాడు. నీళ్లు పోసి, కారుతుందేమోనని అందరం చుట్టూ కూర్చుని చూశాం.

"కూర వండుకునే చేపలను అద్దంల పెట్టుకొని సూసుడేందిరా?" అంది నాయనమ్మ.

"సూస్తె మనసు నిమ్మలమైతదమ్మా," అన్నాడు నాన్న.

ఉప్పల్ చౌరస్తా దగ్గర ఒక చేపల దుకాణం ఉండేది. నాన్న స్కూటరు మీద వెనక కూర్చుని, గాలితో ఉబ్బిన ప్లాస్టిక్ కవరును పొట్టకు హత్తుకుని ఇంటికి తీసుకొచ్చాను. రెండు బంగారు చేపలు, రెండు నల్ల చేపలు. వారం తిరిగేసరికి నాయనమ్మ ముక్కాలిపీట వెనకింట్లోంచి ముందింట్లోకి మారింది. తొట్టి ముందు కూర్చుని అనపకాయలు ఒలిచేది. బుగ్గలు ఉబ్బించే పెద్ద బంగారు చేపను చూసి, "అచ్చం మీ తాతనే. కోపమొస్తె గిట్లనే సూస్తుండె" అనేది. తాత గురించి అంత నవ్వుతూ మాట్లాడటం అప్పుడే విన్నాను.

ఇంకో చేప కావాలని గొడవ చేసింది నేను. మల్కాజిగిరి నుంచి మా చిన్నమ్మ పిల్లలు వస్తున్నారు. వాళ్లు చూసి కుళ్లుకోవాలని నా ఆశ. దుకాణంలో కత్తిలాంటి తోక ఉన్న ఎర్ర చేప ఒకటి అటూ ఇటూ దూసుకుపోతోంది. అదే కావాలన్నాను. దుకాణం ఆయన దాన్ని పట్టి కవరులో వేస్తూ, "అన్నా, జర రెండు మూడు రోజులు వేరే డబ్బల ఉంచు. మంచిగుందంటెనే అన్నిట్ల కలుపు" అన్నాడు. ఇంటికి రాగానే నాన్న ఖాళీ బకెట్టు కోసం చూశాడు. నేను ఏడుపు ముఖం పెట్టాను. బకెట్టులో ఉన్న చేపను చూసి ఎవరు కుళ్లుకుంటారు? నాన్న నావైపు చూసి, "ఏం గాదులే" అని కవరు విప్పి తొట్టిలో వదిలేశాడు.

పిల్లలు వచ్చారు, చూశారు, నేను కోరుకున్నట్టే కుళ్లుకుని వెళ్లారు.

ఆ తర్వాత చలి బాగా ముదిరింది. ఒక పొద్దున చూస్తే ఎర్ర చేప గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుంటోంది. దాని తోక మీద రెండు మూడు తెల్లటి చుక్కలు. మరునాటికి పెద్ద బంగారు చేప రెక్కల మీద కూడా వచ్చాయి. అచ్చం బొంబాయి రవ్వ గింజల్లా ఉన్నాయి. నా గుండె జారిపోయింది. ఎందుకంటే అంతకుముందు రోజే, ఎవరూ లేనప్పుడు, నాకు నచ్చని ఉప్మా చేపలకు పెట్టాను. అదే ఒంటికి అంటుకుపోయిందనుకున్నాను.

ఇంట్లో ఎవరి భయం వాళ్లకుంది. అమ్మ, గది తుడిచిన ఫినాయిలు చెయ్యి కడుక్కోకుండా తొట్టి మూత తీశానేమోనని తలచుకుని తలచుకుని బాధపడింది. నాన్న తొట్టి ముందు గొంతుక్కూర్చుని, ఎర్ర చేప ఎటు పోతే అటు చూపు తిప్పుతున్నాడు.

నాయనమ్మ వచ్చి వంగి చూసింది. చూసి రెండు చేతులూ జోడించింది.

"తల్లి వచ్చింది. ముత్యాలు వోసింది."

చేపలకు అమ్మవారు పోయడమేమిటని నేను నవ్వబోయాను. అమ్మ నా భుజం నొక్కింది. నాయనమ్మ పోయి వేపమండ తెచ్చి తొట్టి మీద పెట్టింది. "పొయ్యి మీద పోపు వెయ్యకు బిడ్డా, ఘాటు వద్దు. బయటోళ్లను ఇంట్లకు రానియ్యకు" అని అమ్మకు చెప్పింది. ఆ పూట పోపు లేని చప్పటి పప్పు తిన్నాం.

సాయంత్రం నాన్న ఉప్పల్ వెళ్లి నీలం మందు సీసా తెచ్చాడు. నేనూ వెంట వెళ్లాను. దుకాణం ఆయన మా ముఖాలు చూస్తూనే కనిపెట్టాడు. "ఫికర్ జేయకు అన్నా. చలికి వస్తది గిది. గీ మందు చుక్కలు చుక్కలు వెయ్యి, జర దొడ్డుప్పు వెయ్యి, నీళ్లు వెచ్చగ ఉంచు. మచ్చలు వోయినా గని ఆపకు, ఇంకొన్ని రోజులు వెయ్యాలె" అన్నాడు. వేరే డబ్బాలో ఉంచమన్న మాట ఆయన గుర్తుచేయలేదు. నాన్న కూడా ఎత్తలేదు.

ఇంటికి వచ్చి సీసా మూత తియ్యబోతే నాయనమ్మ అడ్డంపడింది.

"తల్లి ఇంట్ల ఉన్నప్పుడు మందు వెయ్యరు కొడుకా."

"అది తల్లి గాదమ్మా. పురుగు. కండ్లకు ఆనని పురుగు."

"ఏదైనా గని, వద్దు."

నాన్న సీసాను టీవీ మీద పెట్టి స్నానానికి పోయాడు. ఎవరిమీదైనా కోపం వస్తే అరిచే మనిషి నాన్న. అట్లా ఊరుకోవడం నాకు వింతగా తోచింది.

మర్నాడు స్కూలు నుంచి వచ్చేసరికి పెద్ద బంగారు చేప ఒక మూలకు ఒరిగి ఉంది. మొప్పలు మాత్రం కదులుతున్నాయి. నాయనమ్మ తొట్టి ముందు కూర్చుని కాయలు ఒలుస్తోంది. నేను పక్కన చతికిలబడి అడిగాను.

"నాయినమ్మా, మందు వెయ్యకుంటే చేప చచ్చిపోతది గదా?"

"తల్లి దయ."

"మనుషులకు వచ్చినా గిట్లనే మందు వెయ్యరా? వాళ్లు చచ్చిపోతే ఎట్ల మరి?"

నేను అడిగింది అంతే. ఆమె వేళ్లు కాయ మీద ఆగిపోయాయి. నావైపు చూడలేదు. ఒళ్లో గింజలు చాటలో పోసి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, వెనకింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ సాయంత్రం ఆమె పొయ్యి వెలిగించలేదు. నేను రొట్టె కోసం వెళ్లి, పొగలేని గది చూసి వెనక్కి వచ్చేశాను.

అమ్మకు చెప్పాను. అమ్మ నన్ను కొట్టబోయి, చెయ్యి దించేసి, వంటింట్లో కూర్చోబెట్టుకుంది. నాన్నకు ఒక తమ్ముడు ఉండేవాడని అప్పుడే తెలిసింది. ఊళ్లో అమ్మవారు పోసినప్పుడు అన్నదమ్ములిద్దరికీ పోసిందట. నాన్న బతికాడు, చిన్నవాడు పోయాడు. "పెండ్లయి ఇన్నేండ్లయింది, వాడోళ్ల నోట విన్న గని ఈ ఇంట్ల ఆ పిల్లగాని మాట ఎత్తంగ నేను వినలే. నువ్వు పొయ్యి అదే అడిగినవ్," అంది అమ్మ. ఫోటో కూడా లేదట. నేను ఏ తప్పు చేశానో సరిగ్గా తెలియలేదు కానీ, పెద్ద తప్పే చేశానని మాత్రం తెలిసింది. నాయనమ్మ తలుపు ముందు చాలాసేపు తచ్చాడాను. పిలవడానికి ధైర్యం చాలలేదు.

తెల్లారి లేచేసరికి తొట్టి మీద వేపమండ లేదు. నాయనమ్మ సీసా పట్టుకుని నాన్న మంచం పక్కన నిలబడి ఉంది.

"లెవ్వురా. మందు వెయ్యి. ఎన్ని చుక్కలో మంచిగ సూసి వెయ్యి."

నాన్న ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె సీసా చేతిలో పెట్టి, ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. నీళ్లు నీలంగా మారేదాకా కదలలేదు.

ఆ తర్వాత రోజులు నాకు పండగలా గడిచాయి. ఇల్లంతా ఒకే పని మీద ఉండేది. నాన్న తొట్టి మీద పెద్ద బల్బు వేలాడదీశాడు. కరెంటు పోయినప్పుడు అమ్మ సీసాల్లో వేడినీళ్లు పట్టి, మూత బిగించి, తొట్టిలో తేలేలా వదిలేది. నల్లా నీళ్లు బకెట్లలో పట్టి, వాసన పోయేదాకా ఉంచి, పాత నీళ్లు కొన్ని తీసేసి పోసేవాళ్లం. దొడ్డుప్పు కరిగించే పని నాది. నాయనమ్మ ప్రతిపూటా గుర్తుచేసేది. "మందు వేసినవా? ఉప్పేసినవా? నీళ్లు సల్లగైనయ్ సూడు." మందు మీద ఆమెకు అంత పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థమయ్యేది కాదు. తను రోజూ వేసుకోవాల్సిన మాత్రలు కూడా మింగకుండా దిండు కింద పెట్టే మనిషి.

కొన్నాళ్లకు చుక్కలు మాయమయ్యాయి. పెద్ద బంగారు చేప మూల వదిలి తేలింది. అమ్మ ఎండుమిర్చి వేసి ఘాటుగా పోపు పెట్టింది. అందరం తుమ్మాం, నవ్వాం. నాన్న నీళ్లు సగం మార్చి మందు ఆపేశాడు. "మందు ఎక్కువైనా విషమే. ఇగ సాలు" అన్నాడు. ఇంకొన్ని రోజులు వెయ్యాలన్న దుకాణం ఆయన మాట అప్పుడు ఎవరికీ గుర్తులేదు. మేము చెప్పగా విన్న నాయనమ్మకు తప్ప.

"వెయ్యమన్నడు గదరా?"

"మంచిగైనయ్ గదమ్మా."

ఆ జబ్బు తీరు నాకు పెద్దయ్యాక తెలిసింది. చేప ఒంటి మీద చుక్క రాలిపోయిందంటే పురుగు చచ్చినట్టు కాదు. అడుగున రాళ్ల మధ్యకు చేరి, ఒకటి వందలుగా చీలి, మళ్లీ చేపలను వెతుక్కుంటూ పైకి వస్తుంది. అట్లా నీళ్లలో ఈదేటప్పుడే మందు దాన్ని చంపగలదు. చేప ఒంట్లో దాక్కున్నప్పుడు ఏమీ చెయ్యలేదు. మేము మందు ఆపింది సరిగ్గా మందు పనిచేయాల్సిన వేళలో.

మళ్లీ వచ్చినప్పుడు అవి చుక్కలు కావు, ఒళ్లంతా పిండి చల్లినట్టు. నల్ల చేపల మీద మరీ స్పష్టంగా కనబడేది. ఒక పొద్దున నాన్న డ్యూటీకి తయారై, అమ్మ కట్టిన టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, వలతో చచ్చిన నల్ల చేపను తీస్తున్నాడు. రెండోది అప్పటికే కొట్టుకుంటోంది. నాయనమ్మ వెనకనుంచి వచ్చింది.

"ఎందుకు ఆపినవ్?"

నాన్న వలను పైకి ఎత్తాడు.

"వెయ్యుమంటె ఎందుకు ఆపినవ్రా? నేను చెప్తనే ఉన్న. నోరులేని పాణం. నీకు తోచింది గదా అని ఆపేస్తవా? దాని పాణం ఎవలు తెచ్చిస్తరు?"

"నువ్వు ఆపలేదా?"

నాన్న గొంతు పెంచలేదు. వల అట్లాగే పట్టుకుని, నీళ్లు కారుతుండగా, తిరిగి ఆమెను చూశాడు.

"నాయిన బండి కట్టిండు. పట్నం దవాఖానకు తీస్కపోదామన్నడు. ఎడ్ల ముంగట పోయి నిలవడ్డది ఎవరు? నేను పండుకొని సూసిన. నాకు అన్నీ యాదికున్నయ్."

నాయనమ్మ తొట్టి స్టాండు పట్టుకుంది. అమ్మ వంటింటి గడపలో గరిట పట్టుకుని నిలబడిపోయింది. నాన్న ముఖం చూస్తే తను అన్న మాట తనకే అప్పుడు వినబడినట్టుంది. చచ్చిన చేపను, వలను అక్కడే పెట్టి, టిఫిన్ డబ్బా మరచి వెళ్లిపోయాడు. స్కూటరు చప్పుడు సందు చివరిదాకా వినిపించింది.

ఆ వారమంతా వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. నాన్న మాత్రం మందు తప్పించలేదు. నాయనమ్మ ముందింట్లోకి రావడం మానేసింది. పళ్లెంలో పెట్టి పంపిన అన్నం సగం తిరిగి వచ్చేది. నాకు లోపల్లోపల ఒకటే మాట. ఆ రోజు నేను ఆ ప్రశ్న అడగకపోతే ఆమె వేపమండ తియ్యకపోయేది, మందు వెయ్యమనకపోయేది, ఎందుకు ఆపావని నిలదియ్యకపోయేది, నాన్న ఆ మాట అనకపోయేవాడు. వరస పెట్టి చూసుకుంటే అన్నిటికీ మొదట్లో నేనే ఉన్నాను.

సెలవురోజు వచ్చింది. రెండో నల్ల చేప, చిన్న బంగారు చేప కూడా పోయాయి. మిగిలిన రెండు చేపలను నాన్న మందు కలిపిన బకెట్టులోకి మార్చి, నన్ను కాపలా కూర్చోబెట్టాడు. తొట్టి ఖాళీ చేసి, గులకరాళ్లు బేసిన్‌లో పోసి, నల్లా కింద గొంతుక్కూర్చుని ఉప్పుతో కడుగుతున్నాడు. ఎండ నల్లా దాకా వచ్చింది. వెనక తలుపు తెరుచుకుంది. నాయనమ్మ ముక్కాలిపీట తెచ్చుకుని బేసిన్‌కు అవతల వేసుకుని కూర్చుంది. రెండు చేతులూ ముంచి, ఒక గుప్పెడు రాళ్లు తీసి, బియ్యం కడిగినట్టు రుద్దసాగింది.

రెండో గుప్పెడు తీసింది.

"ఆపిన," అంది నాయనమ్మ. "నేనే ఆపిన. ఎడ్ల పగ్గాలు పట్టుకొని గుంజిన. నువ్వు సూసింది నిజమే."

"వద్దమ్మా. ఏదో నోరు జారిన. కాల్మొక్త, ఇడిసిపెట్టు."

"విను. వాడొక్కడే పండుకొని ఉంటె పోనిచ్చేదాన్ని. నువ్వు గూడ ఆ పక్కనే పండుకొని ఉంటివి. నీకు ముత్యాలు మాడుతున్నయ్, తల్లి దిగిపోతుంది. ఇప్పుడు గనక దవాఖానకు తీస్కపోతె తల్లి కోపానికొచ్చి తిరిగి నీ మీదికి వస్తదన్నరు. ఇద్దరు పోతరన్నరు. నేను నమ్మిన. నిన్ను దక్కించుకుందామని వాన్ని పోనియ్యలే."

నాన్న చేతులు నీళ్లలోనే ఉన్నాయి. తల ఎత్తలేదు.

"నిన్ను చూసి వాన్ని ఆపిన. గంతే."

నల్లా సన్నగా కారుతోంది. నాన్న దాన్ని కట్టెయ్యబోయి, మళ్లీ వదిలేశాడు.

"తెచ్చింది నేనే అమ్మా," అన్నాడు.

"ఏంది?"

"ఇంట్లకు తెచ్చింది నేనే. యాపమండలు కట్టిన ఇంటికి పోవద్దని నువ్వు జెప్పినవ్. నేను పోయిన. ఆ పిల్లగానితోని గోటీలాడిన. వచ్చి తమ్మునితోని ఒక్క కంచంల తిన్న. ఎవ్వరికి జెప్పలే. ఈ చేపను తెచ్చి అన్నిట్ల వేసినట్టే..."

అక్కడ ఆగి, మోచేత్తో కళ్లు అద్దుకున్నాడు. నాన్న ఏడవడం అంతకుముందు చూడలేదు. బకెట్టు అంచు గట్టిగా పట్టుకుని కిందికి చూస్తూ ఉండిపోయాను.

"నాకెర్కనే," అంది నాయనమ్మ.

నాన్న తల ఎత్తాడు.

"నీ నిక్కరు జేబుల పచ్చ గాజు గోటీ దొరికింది. అసొంటిది ఊర్ల ఆ పిల్లగాని దగ్గర్నే ఉండె. బట్టలు ఉడకబెట్టంగ దొరికింది. తీస్కపోయి బాయిల పడేసిన."

"ఇన్నేండ్లు... ఎందుకు చెప్పలే?"

"ఎవలకు చెప్పాలె? నీ నాయినకు చెప్తె నిన్ను బతకనిచ్చెటోడా? నీకు చెప్తె నువ్వు బతికెటోనివా?"

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. అప్పుడు ఆ పిల్లవాడి పేరు పలికింది. పిలిచినట్టు కాదు, ఊరికే, ఒక్కసారి. ఆ ఇంట్లో ఆ పేరు నేను విన్నది అప్పుడే. ఇక్కడ రాయాలనిపించడం లేదు.

"వాని మీద ఒట్టు," అంది. "నీ తప్పని ఒక్కనాడు అనుకోలే. ఎనిమిదేండ్ల పోరనివి. ఆడుకోను పోయినవ్."

నాన్న మళ్లీ రాళ్లలో చేతులు పెట్టాడు. క్షమించమని ఆమె అడగలేదు, ఆయనా అడగలేదు. ఇద్దరూ కలిసి మిగిలిన రాళ్లు కడిగారు. అమ్మ లోపలినుంచి రెండు గ్లాసుల్లో చాయ తెచ్చి నల్లా గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

బతికింది రెండు చేపలే. పెద్ద బంగారు చేప, జబ్బు తెచ్చిన ఎర్ర చేప. నాన్న ఎర్ర చేపకు మేత వెయ్యలేకపోయేవాడు. అది ఉన్న వైపు వెళ్లేవాడు కాదు. నాయనమ్మే దానికి చిటికెడు చిటికెడుగా వేసేది. "తిను తల్లీ. నీకేమెర్క? నీ ఒంట్ల ఏమున్నదో నీకేమెర్క?" అని దానితో మాట్లాడేది. నాన్న పక్క గదిలో చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆ మాటలు వినేవాడు. గుండీలు పెట్టుకోవడం పూర్తయినా అక్కడే నిలబడేవాడు.

ఇంట్లో వెలుగు నిండిందని చెప్పలేను. నాయనమ్మ మళ్లీ పొయ్యి వెలిగించింది, నేను మళ్లీ రొట్టెలు తిన్నాను. కానీ నాన్న మారిపోయాడు. ఆమె ఒక్కసారి దగ్గితే చాలు, ఆటో పిలిచేవాడు. కాలు బెణికినా, కడుపులో మంటన్నా, కళ్లు మసకన్నా దవాఖానే. డ్యూటీ మానుకుని మరీ తీసుకెళ్లేవాడు. ఆమె ఉతికిన చీర కట్టుకుని, మాట్లాడకుండా ఆటోలో కూర్చునేది. దిండు కింద మాత్రలు దాచడం కూడా మానేసింది. ఆయన ముందు నీళ్లు తాగి మింగి, నోరు తెరిచి చూపించేది, చిన్నపిల్లలా.

నేను కాలేజీకి వచ్చాక ఆమెకు చివరి జబ్బు చేసింది. దవాఖానలో చాలా రోజులు ఉంది. ముక్కుకు గొట్టం, చేతికి సూది. డాక్టర్లు కూడా ఒక దశలో, ఇంటికి తీసుకెళ్లినా ఫరవాలేదన్నట్టు మాట్లాడారు. ఆమె కూడా అదే అడిగేది. "వాకిట్ల మంచమెయ్యి కొడుకా. జర ఎండల పండుకుంట." నాన్న మాత్రం, "రెండు రోజులు ఆగమ్మా, తగ్గుతది, తగ్గంగనే పోదాం" అనేవాడు. మందులు చదివి, సీసాలు చూసి, నర్సును పిలిచి, నిలబడే ఉండేవాడు. ఒక మధ్యాహ్నం ఆయన మందుల కోసం కిందికి వెళ్లినప్పుడు నేను ఆమె చెవి దగ్గర వంగి, "నేను చెప్తా నాయినమ్మా. ఇవ్వాళే పోదాం" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దు బిడ్డా. ఈడ ఉంటెనే వానికి నిమ్మలం. ఉండనీ."

ఆ మంచం మీదే పోయింది. ఇంటికి తెచ్చిన తర్వాత నాన్న ఆమెను వాకిట్లో ఎండలో పడుకోబెట్టమన్నాడు. ఆ ఏడాదంతా ఆయన ఆ వాకిట్లోనే కూర్చునేవాడు. "అడిగింది ఒక్కటే. అది గూడ చెయ్యలే" అనేవాడు. వినలేకపోయేదాన్ని. ఒకరోజు ఆయన పక్కన కూర్చుని, మనసు కుదుటపడుతుందని, ఆమె నాతో అన్న మాట చెప్పాను. మీ నిమ్మలం కోసమే ఉన్నది నాన్నా, మీ మీద కోపంతో కాదు, అని చెప్పాను.

నాన్న నావైపు చూశాడు. "మళ్లీ నా కోసమేనా?" అన్నాడు.

తర్వాత లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా సందులోకి నడిచి వెళ్లిపోయాడు. నేను ఎండలో అట్లాగే కూర్చుండిపోయాను. ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందా, చెప్పడమే మంచిదయిందా అన్నది ఇన్నేళ్లయినా నాకు తేలలేదు.